ముందు లెవెల్, తర్వాతే జీతం

పది పన్నెండేళ్ళ అనుభవంతో కన్సల్టింగ్ సంస్థల్లోకి మారాలనుకుంటున్న ఉద్యోగుల కోసం హైదరాబాద్‌లో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంత దూరం వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్దాం. నన్ను పిలిచినవాళ్ళు గ్రూపులో పెట్టిన మెసేజ్‌లో ‘కన్సల్టింగ్ ఆఫర్ వస్తే జీతం ఎలా మాట్లాడుకోవాలి’ అని రాశారు. జీతం గురించి చెప్తాను. కానీ ఆఖర్న చెప్తాను, కొంచెమే చెప్తాను. అంతకంటే ముందు మాట్లాడుకోవాల్సింది ఇంకొకటి ఉంది. దాన్ని వదిలేసి జీతం దగ్గర ఎంత గింజుకున్నా లాభం లేదు. అదే లెవెల్, అంటే సంస్థలో మీరు ఏ మెట్టు మీద చేరుతున్నారు అనేది.

ఒకసారి చేతులెత్తండి. ఐటీ సర్వీసెస్ కంపెనీల నుంచి వచ్చినవాళ్ళు ఎంతమంది? సగం పైనే ఉన్నారు. బ్యాంకులు, ఫార్మా? అక్కడక్కడా. సరే, ఇంకో ప్రశ్న. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక హోదా చూసి ‘ఇదేంటి, సీనియర్ కన్సల్టెంట్ అంటున్నారు, నేనిక్కడ మేనేజర్‌ని కదా’ అని ఎంతమందికి అనిపించింది? చూశారా, చాలా చేతులే లేచాయి. ఆ ‘ఇదేంటి’ అనే ప్రశ్న ఆఫర్ లెటర్ వచ్చాక పుడితే ఆలస్యమైపోయినట్టే. మొదటి ఫోన్ కాల్‌లోనే పుట్టాలి. నేను ఈ గంటలో చెప్పబోయేది దాదాపు ఇంతే. మిగతాదంతా ఎందుకు, ఎలా అనేదే.

నేనూ మీలాగే బయటి నుంచి కన్సల్టింగ్‌లోకి వెళ్ళినవాణ్ణి. తర్వాత చాలాకాలం అవతలి కుర్చీలో కూర్చుని లాటరల్స్‌ని ఇంటర్వ్యూ చేశాను. లాటరల్ అంటే తెలుసు కదా, క్యాంపస్ నుంచి కాకుండా మధ్యలో వచ్చి చేరేవాళ్ళు. ఎక్స్‌పీరియెన్స్‌డ్ హైర్ అని కూడా అంటారు. ఇంటర్వ్యూ అయ్యి మీరు బయటికెళ్ళాక ఆ గదిలో ఏం మాట్లాడుకుంటారో తెలిస్తే మీ టెన్షన్ సగం పోతుంది. మిగతా సగం పెరుగుతుందనుకోండి, అది వేరే సంగతి.

మొదట వాళ్ళ లెక్క చూద్దాం. కన్సల్టింగ్ సంస్థ అమ్మేది మనుషుల సమయం. దానికొక రేట్ కార్డ్ ఉంటుంది. ఆ కార్డ్‌లో మీ పేరు ఉండదు, మీ కాలేజీ ఉండదు, మీ లెవెల్ ఉంటుంది. ఊరికే లెక్క కోసం అనుకుందాం. సీనియర్ కన్సల్టెంట్‌కి గంటకు 5,000 రూపాయలు, మేనేజర్‌కి 8,000. ఏడాదికి పని గంటలు 2,080, అంటే వారానికి 40 చొప్పున 52 వారాలు. అందులో సీనియర్ కన్సల్టెంట్ 80 శాతం గంటలు క్లయింటుకి బిల్ చెయ్యాలి అనుకుందాం. దాన్నే యుటిలైజేషన్ అంటారు. లెక్క వేస్తే ఆయన ఏడాదికి 83 లక్షలు తేవాలి. మేనేజర్‌కి 70 శాతమే, ఎందుకంటే ఆయన కొత్త పని కోసం క్లయింట్లకి ప్రపోజల్స్ రాయాలి, కింద వాళ్ళని చూసుకోవాలి. అయినా కోటీ 16 లక్షలు తేవాలి. అంకెలు నేను కల్పించినవే, సంస్థను బట్టి మారతాయి. కానీ లెక్క నడిచే తీరు ఇదే.

ఇప్పుడు చెప్పండి, మీరు ‘నన్ను మేనేజర్‌గా తీసుకోండి’ అని అడిగితే అవతల పార్ట్‌నర్‌కి, అంటే సంస్థలో వాటా ఉన్న పెద్దాయనకి, ఏం వినిపిస్తుంది? ‘ఈయన్ని గంటకి 8,000కి ఏ క్లయింటు దగ్గర పెట్టగలను?’ అని వినిపిస్తుంది. మీకు పన్నెండేళ్ళ అనుభవం ఉందా, పదమూడేళ్ళదా అనేది ఆయన బుర్రలోకి రానే రాదు. పెట్టగలిగితే మీరు మేనేజర్. పెట్టలేకపోతే మిమ్మల్ని మేనేజర్‌గా తీసుకున్నా బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా, కూర్చుంటారు. రెండు క్వార్టర్లు అలా కూర్చుంటే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. రెండు లెవెల్స్‌కి మధ్యలో ఏదైనా ఇవ్వండి అంటే కుదరదు. ‘కన్సల్టెంట్‌కి ఎక్కువ, మేనేజర్‌కి తక్కువ’ అనే గడి రేట్ కార్డ్‌లో లేదు. జీతం బ్యాండ్ (ఆ లెవెల్‌కి కనీసం ఎంత, గరిష్ఠం ఎంత అనే పరిధి), బోనస్ శాతం, ఏ సైజు ప్రాజెక్టులో ఎవరి కింద పెడతారు, తర్వాతి ప్రమోషన్‌కి గడియారం ఎప్పటి నుంచి తిరుగుతుంది, అన్నీ ఆ ఒక్క గడిలోంచే వస్తాయి. అందుకే ముందు లెవెల్ అంటున్నాను.

పేర్ల గందరగోళం ఒకటుంది, దాన్ని త్వరగా తేల్చేద్దాం. అసోసియేట్ అనే హోదా తీసుకోండి. పీడబ్ల్యూసీలో అసోసియేట్ అంటే కింది మెట్లలోనివాళ్ళు. బీసీజీలో అసోసియేట్ అంటే డిగ్రీ అయ్యాక చేరేవాళ్ళు, ఎంబీఏ చేసినవాళ్ళు కన్సల్టెంట్‌గా చేరతారు. మెకిన్సీలో మాత్రం ఎంబీఏ చేసినవాళ్ళే అసోసియేట్. డిగ్రీతో చేరేవాళ్ళు బిజినెస్ ఎనలిస్ట్. ఇక యాక్సెంచర్‌లో లెవెల్స్‌కి అంకెలు. అక్కడ అంకె తగ్గేకొద్దీ హోదా పెరుగుతుంది. 7 మేనేజర్, 6 సీనియర్ మేనేజర్. 8 ఇస్తామంటే 7 కంటే పెద్దది కదా అని సంబరపడకండి. నవ్వుతున్నారు గానీ, సంబరపడినవాళ్ళు ఉన్నారు.

మన ఊళ్ళో ఇంకో చిక్కు. ఒకే బోర్డు కింద రెండు సంస్థలు ఉంటాయి. డెలాయిట్‌లో అమెరికా ప్రాక్టీసు కోసం పనిచేసే యూఎస్ ఇండియా ఆఫీసులు వేరు, ఇక్కడి క్లయింట్లకి పనిచేసే ఇండియా సంస్థ వేరు. ఈవైలో కూడా బయటి దేశాల ఈవై సంస్థల కోసం పనిచేసే జీడీఎస్ వేరు, ఈవై ఇండియా వేరు. కేపీఎంజీలో అలాంటిదే కేజీఎస్, అదీ వేరు. హోదాల పేర్లు చాలావరకు కలుస్తాయి, పని కలవదు. ఒకచోట మేనేజర్ అంటే ఇక్కడి బ్యాంకు ఎండీ ఎదురుగా కూర్చునేవాడు. ఇంకోచోట మేనేజర్ అంటే రాత్రి తొమ్మిదికి షికాగోలో ఉన్న సీనియర్ మేనేజర్‌తో కాల్‌లో ఉండేవాడు. ఏది గొప్ప అని నేననను. మీరు దేంట్లోకి వెళ్తున్నారో తెలుసుకుని వెళ్ళండి. మీ స్నేహితుడికి ‘అదే కంపెనీలో’ మేనేజర్ ఇచ్చారంటే, ముందు అడగండి, ఏ సంస్థలో?

సరే, ఇప్పుడు ఎప్పుడు అడగాలి అనేది. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. గచ్చిబౌలిలోనో కోకాపేటలోనో ఫ్లాట్ కొన్నారనుకోండి. ఏడో ఫ్లోరా, పదిహేనో ఫ్లోరా అనేది మొదటి రోజే తేల్చుకుంటారు కదా? కార్ పార్కింగు, క్లబ్ హౌస్ చార్జీలు, వీటి మీద బేరం అగ్రిమెంటు రోజు దాకా నడుస్తుంది. అగ్రిమెంటు రాసే రోజున ‘నాకు పదిహేనో ఫ్లోర్ కావాలి’ అంటే బిల్డర్ మొహం చూడాలి. ఇక్కడ కూడా అంతే. లెవెల్ ఫ్లోరు, మిగతావన్నీ పార్కింగు.

ఎందుకలా? ఎందుకంటే ఇంటర్వ్యూయే ఒక లెవెల్‌కి జరుగుతుంది. సీనియర్ కన్సల్టెంట్‌గా తీసుకుందామని పిలిస్తే, మిమ్మల్ని మేనేజర్లు, సీనియర్ మేనేజర్లు ఇంటర్వ్యూ చేస్తారు. వాళ్ళు అడిగేది ‘ఈ పని మీరు చెయ్యగలరా?’ అని. మేనేజర్‌గా తీసుకుందామనుకుంటే చివరి రౌండ్లో డైరెక్టరో పార్ట్‌నరో ఉంటారు. వాళ్ళు అడిగేది ‘ఈ పని మీరు అమ్మగలరా, నడిపించగలరా?’ అని. మొదటి రకం ఇంటర్వ్యూలో మీరు అదరగొట్టినా, రెండో రకం ప్రశ్నకి జవాబు ఆ ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఎక్కడా ఉండదు. ఆఫర్ లెటర్ వచ్చాక ‘మేనేజర్ ఇవ్వండి’ అని అడిగితే హెచ్‌ఆర్ ఏం చూపించి అప్రూవల్ తెచ్చుకుంటుంది? మళ్ళీ ఇంటర్వ్యూ పెట్టాలి, మళ్ళీ పార్ట్‌నర్ సంతకం. ఎవరికీ ఓపిక ఉండదు.

కాబట్టి హెచ్‌ఆర్ నుంచి వచ్చే మొదటి కాల్. ఆ కాల్ ఎలా వస్తుందో మీకు తెలుసు. మధ్యాహ్నం పన్నెండున్నరకి, మీరు మీటింగులో ఉన్నప్పుడు వస్తుంది. ‘సర్, మీ కరెంట్ సీటీసీ ఎంత, ఎక్స్‌పెక్టెడ్ ఎంత, నోటీస్ పీరియడ్ ఎంత?’ సీటీసీ అంటే కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. మూడు ప్రశ్నలు, ఇరవై సెకన్లు. మీరు మూడింటికీ టకటకా చెప్పేస్తారు. అయిపోయింది. మీరు చెప్పిన సీటీసీ ఏ బ్యాండ్‌లో పడితే మీ లెవెల్ అదే. మీరు లెవెల్ గురించి ఒక్క మాట మాట్లాడకుండానే లెవెల్ తేలిపోయింది.

దాని బదులు ఇలా అనండి. ‘చెప్తానండీ. ముందు ఒక్క విషయం, ఈ పొజిషన్ ఏ లెవెల్‌కి ఓపెన్ చేశారు?’ హెచ్‌ఆర్ అమ్మాయి చెప్తుంది. నిజంగానే చెప్తుంది, అందులో రహస్యం ఏమీ లేదు. ‘సీనియర్ కన్సల్టెంట్ లేదా మేనేజర్ సర్, ఇంటర్వ్యూని బట్టి డిసైడ్ చేస్తారు’ అంటుంది. అప్పుడు మీరు, ‘నేను ఇప్పుడు చేస్తున్న పని మేనేజర్ పనికి దగ్గరగా ఉందండీ. క్లయింటు ప్రపోజల్స్, బడ్జెట్ రెండూ నేనే చూస్తున్నాను. కాబట్టి మేనేజర్ ప్యానెల్‌తోనే ఇంటర్వ్యూ పెట్టించండి. సరిపోననిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం’ అనండి. అంతే. గొంతు పెంచక్కర్లేదు. కాల్ అయ్యాక అదే మాట రెండు లైన్ల మెయిల్‌లో పెట్టండి. పైనుంచి కిందికి దించడం వాళ్ళకి ఒక్క సంతకం పని. కిందనుంచి పైకి ఎక్కించడం మొత్తం ప్రక్రియ మళ్ళీ మొదలుపెట్టడం. మీరు ఏ వైపు నుంచి మొదలుపెట్టాలో మీరే చెప్పండి.

ఆ, వెనక నుంచి ఎవరో అడుగుతున్నారు, ‘మేనేజర్ పని అంటే ఏంటి, నేను 40 మందిని చూసుకుంటున్నాను కదా’ అని. మంచి ప్రశ్న. చేదు ప్రశ్న కూడా. ఐటీ సర్వీసెస్‌లో మేనేజర్ అంటే మనుషుల సంఖ్య. ఎంతమంది మీ కింద ఉన్నారు, ఎన్ని షిఫ్టులు, ఎస్‌ఎల్‌ఏలు, అంటే క్లయింటుకి ఒప్పుకున్న గడువులు, దాటాయా లేదా. కన్సల్టింగ్‌లో మేనేజర్ కింద నలుగురే ఉండొచ్చు. కానీ ఆ ప్రాజెక్టు స్కోప్, అంటే ఎంత పని చెయ్యాలనే హద్దు, ఆయనది, క్లయింటుతో గొడవ ఆయనది, మార్జిన్ ఎంత మిగిలిందో చెప్పాల్సింది ఆయన, తర్వాతి దశ పని తెచ్చే ప్రపోజల్ రాసేదీ ఆయనే. సీనియర్ మేనేజర్ అయితే ఏడాదికి ఇంత అమ్మాలని టార్గెట్ కూడా మొదలవుతుంది. మీ 40 మందిని చూసి అవతలివాళ్ళు ‘ఓహో’ అనరు. ‘సరే, వీళ్ళలో క్లయింటుతో ఎవరు మాట్లాడతారు?’ అంటారు.

దీని మీద కాస్త నిలబడదాం, ఎందుకంటే మీ చేతిలో ఉన్నది ఇదొక్కటే. ఒకాయన నా దగ్గరికి రెజ్యూమె తెచ్చారు. మొదటి లైను: ‘ఇన్సూరెన్స్ క్లయింటుకి అప్లికేషన్ సపోర్ట్, 42 మంది టీమ్ మేనేజర్.’ నేను అడిగాను, పోయినసారి కాంట్రాక్ట్ రెన్యూవల్ డాక్యుమెంటు ఎవరు రాశారండీ? ‘నేనే రాశాను, ప్రీసేల్స్ వాళ్ళు ఫార్మాట్ ఇచ్చారు.’ క్లయింటు స్కోప్ పెంచమంటే ఎవరు మాట్లాడారు? ‘నేనే సార్. మూడు ఛేంజ్ రిక్వెస్టులకి విడిగా డబ్బులు కట్టించుకున్నాం.’ స్టీరింగ్ కమిటీలో, అంటే క్లయింటు పెద్దలు కూర్చునే మీటింగులో, ఎవరు ప్రెజెంట్ చేస్తారు? ‘నెలనెలా నేనే.’ మరి ఇవేవీ ఇందులో లేవేంటి? ‘అవి పనిలో భాగమే కదా సార్!’

పనిలో భాగమే. కన్సల్టింగ్‌లో మేనేజర్ పని అంటే ఆ భాగమే! ఆయన రెజ్యూమెలో 42 మంది పైన ఉన్నారు, ఆ మూడు ఛేంజ్ రిక్వెస్టులు ఎక్కడా లేవు. లైను తిప్పి రాశాం. ‘ఇన్సూరెన్స్ క్లయింటు కాంట్రాక్టు రెన్యూవల్ ప్రతిపాదన రాసి, స్కోప్ దాటిన పనికి విడిగా చెల్లింపు ఒప్పించి, నెలవారీ స్టీరింగ్ కమిటీకి నివేదించాను.’ టీమ్ సంఖ్య కిందికి వెళ్ళింది. ఇందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. మీరందరూ ఇంటికెళ్ళి చెయ్యాల్సిన పని ఇదే. గత రెండేళ్ళలో డబ్బుతో, స్కోప్‌తో, క్లయింటు పెద్దలతో ముడిపడిన పనులు ఏవున్నాయో రాసుకోండి. ఒక్కటి కూడా లేకపోతే? అప్పుడు మీరు మేనేజర్ అడగకండి. నిష్ఠూరంగా ఉందా? నిష్ఠూరమే. కానీ అడిగి, దొరికి, అక్కడికెళ్ళి ఆరు నెలల్లో తేలిపోవడం ఇంతకంటే నిష్ఠూరం.

దీన్నుంచే ఇంకో మాటకి వస్తున్నాను. లెవెల్ తగ్గించుకుని చేరడం ఎప్పుడూ నష్టమేనా? కాదు. నేనిక్కడ రెండు రకాల సంస్థల్ని విడదీసి చూస్తాను.

స్ట్రాటజీ సంస్థలు, అంటే మెకిన్సీ, బీసీజీ, బెయిన్ లాంటివి. అక్కడ ‘అప్ ఆర్ అవుట్’ అంటారు. ప్రతి రెండు మూడేళ్ళకీ పైమెట్టు ఎక్కాలి, లేకపోతే మర్యాదగా బయటికి దారి చూపిస్తారు. అక్కడి పద్ధతులు, స్లైడ్ రాసే తీరు దగ్గర్నుంచి క్లయింటు సీఈవోతో మాట్లాడే తీరు దాకా, లోపల పెరిగినవాళ్ళకి అలవాటైపోయి ఉంటాయి. బయటి నుంచి పైమెట్టులో దిగితే నేర్చుకోవడానికి టైమే ఉండదు. మొదటి రోజు నుంచే కింద ఇద్దరు ముగ్గురు మీ ముఖం చూస్తుంటారు. పీహెచ్‌డీ చేసినవాళ్ళని కూడా ఆ సంస్థలు సాధారణంగా ఎంబీఏ చేసినవాళ్ళ మెట్టులోనే తీసుకుంటాయి. ఆరేళ్ళు ల్యాబ్‌లో గడిపినాయన మన ఐఎస్‌బీ బిజినెస్ స్కూలు నుంచి ఏడాది కోర్సు ముగించుకొచ్చిన అమ్మాయి పక్కనే కూర్చుంటాడు. అన్యాయంగా అనిపిస్తుంది. కానీ పరుగు అక్కడ వేగం. బాగా చేస్తే రెండేళ్ళలో పైకి వెళ్తారు. అలాంటి చోట ఒక మెట్టు తగ్గి చేరమంటే నేనైతే చేరతాను.

రెండో రకం, బిగ్ ఫోర్ (డెలాయిట్, పీడబ్ల్యూసీ, ఈవై, కేపీఎంజీ) టెక్నాలజీ ప్రాక్టీసులు, ఇంప్లిమెంటేషన్ చేసే పెద్ద సంస్థలు. మీరు ఇప్పుడు ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నారు, అక్కడికెళ్ళినా ఎస్‌ఏపీయే చేస్తారు. ఇప్పుడు ఇన్సూరెన్స్ డొమైన్, అక్కడా ఇన్సూరెన్సే. పని అదే, క్లయింటు అలాంటివాడే. ఇక్కడ లెవెల్ తగ్గడానికి కారణమే లేదు. ‘మా దగ్గర మేనేజర్ అంటే వేరే స్థాయి సర్, బయటివాళ్ళు ఒక లెవెల్ కింద చేరడం ఆనవాయితీ’ అంటారు. ఆనవాయితీ అన్న మాట వినపడగానే అడగండి, ‘అలా చేరినవాళ్ళు ఎన్నాళ్ళకి మేనేజర్ అయ్యారండీ?’ అని. జవాబు ఠక్కున వస్తే ఆలోచించండి. నసిగితే తెలిసిపోయినట్టే.

తగ్గి చేరినప్పుడు పార్ట్‌నర్ ఒక మాట చెప్తాడు. ‘ఏం ఫర్వాలేదు, వచ్చే సైకిల్‌లోనే మిమ్మల్ని ప్రమోట్ చేస్తాం.’ ఆయన మనసులో నిజంగానే ఉండొచ్చు. కానీ ఆ పార్ట్‌నర్ వేరే సంస్థకి వెళ్ళిపోతే? ప్రాక్టీసుల్ని కలిపేస్తే? మాట గాల్లో కలుస్తుంది. ‘ప్రమోట్ చేస్తాం’ అని రాసివ్వమంటే ఎవరూ ఇవ్వరు, అది అడగకండి. అడగాల్సింది వేరే ఉంది. ‘నేను ఏ సైకిల్‌కి అర్హుణ్ణి అవుతానో మెయిల్‌లో చెప్పండి.’ ఇది ఇస్తారు. ఎందుకింత పట్టింపు అంటే, ప్రమోషన్‌కి ముందు ఇన్ని నెలలు ఆ లెవెల్‌లో పనిచేసి ఉండాలని చాలా సంస్థల్లో నియమం ఉంటుంది, దానికో కటాఫ్ తేదీ ఉంటుంది. అందరి ఏడాదీ ఏప్రిల్‌లో మొదలవ్వదు. యాక్సెంచర్ ఆర్థిక సంవత్సరం సెప్టెంబరు 1న మొదలవుతుంది. డెలాయిట్‌ది జూన్‌లో. ఈవై, పీడబ్ల్యూసీ అంతర్జాతీయంగా జూలై నుంచి లెక్కపెట్టుకుంటాయి. కటాఫ్ దాటిన వారానికి చేరారనుకోండి, మీ మొదటి ప్రమోషన్ చర్చ ఒక ఏడాది వెనక్కి పోవచ్చు. మూడు నెలల నోటీసు పీరియడ్‌తో ఉన్నవాళ్ళం మనం. ఆ తేదీ ముందే తెలిస్తే నోటీసులో కొన్ని రోజులకి డబ్బు కట్టి కొనేయమని కొత్త సంస్థని అడగొచ్చు, అదీ బేరంలో భాగమే.

ఇక జీతం. చెప్పాను కదా, కొంచెమే.

లెవెల్ ఖాయమయ్యాక బ్యాండ్‌లో ఎక్కడ కూర్చోబెడుతున్నారో చూడండి. మళ్ళీ లెక్క కోసం, సీనియర్ కన్సల్టెంట్ బ్యాండ్ 24 నుంచి 36 లక్షలు, మేనేజర్‌ది 34 నుంచి 50 అనుకుందాం. మీకిప్పుడు 30. వాళ్ళు సీనియర్ కన్సల్టెంట్‌గా 35 ఇస్తామంటారు. ఐదు లక్షలు పెరిగింది కదా అని ఇంట్లో స్వీట్లు పంచేస్తాం. కానీ మీరు అప్పటికే పైకప్పుకి తల ఆనించి నిలబడ్డారు. వచ్చే ఏడాది ఎంత బాగా చేసినా ‘బ్యాండ్ పైన ఉన్నారు’ అని రెండు మూడు శాతంతో సరిపెడతారు. మేనేజర్‌గా 36తో చేరినా ముందు 14 లక్షల ఖాళీ ఉంది. మొదటి ఏడాది తేడా లక్షే. మూడో ఏడాది లెక్క వేసుకోండి, ఎంత దూరం పోతుందో.

మిగతా వాటిలో బాగా కదిలేది జాయినింగ్ బోనస్. ఎందుకంటే అది బ్యాండ్‌లోకి రాదు, ఒక్కసారి ఇచ్చి వదిలించుకుంటారు. దానికి కారణం చూపించండి, ఊరికే అడగకండి. మీరు వదులుకుంటున్న బోనస్ ఎంత? గ్రాచ్యుటీ? నాలుగున్నరేళ్ళ దగ్గర ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. బేసిక్ నెలకి లక్ష అయితే, ఐదేళ్ళు నిండాక గ్రాచ్యుటీ, పదిహేను బై ఇరవై ఆరు ఇంటూ ఐదు, 2 లక్షల 88 వేల చిల్లర. ఆరు నెలల ముందు వెళ్ళిపోతే అది పోతుంది. ఈ లెక్క కాగితం మీద పెట్టి పంపిస్తే హెచ్‌ఆర్‌కి పై అధికారి దగ్గర చెప్పుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది. జాయినింగ్ బోనస్ తీసుకునేటప్పుడు రికవరీ క్లాజు చదవండి. ఏడాదిలోపో రెండేళ్ళలోపో మానేస్తే వెనక్కి ఇవ్వాలి. మీ చేతికొచ్చేది టీడీఎస్ పోగా మిగిలినది, వాళ్ళు వెనక్కి అడిగేది మొత్తం కావచ్చు. ‘చేతికొచ్చినంతే వెనక్కి ఇస్తాను’ అని సంతకానికి ముందే రాయించుకోగలిగితే రాయించుకోండి. ఎన్ని నెలలు పనిచేస్తే అంత మేరకు తగ్గేలా అడగడం కూడా మామూలే.

పాత జీతం గురించి అబద్ధం చెప్పొద్దు. నీతి గురించి కాదు, దొరికిపోతారు. పేస్లిప్పులు, ఫారం 16 అడుగుతారు. పీఎఫ్ పాస్‌బుక్‌లో ఏ నెల ఏ కంపెనీ ఎంత కట్టిందో వరసగా ఉంటుంది. వెరిఫికేషన్ చేరిన తర్వాత కూడా నడుస్తుంది. లేని ఆఫర్ ఉందని చెప్పడం కూడా అంతే. ‘లెటర్ పంపండి’ అంటే ఏం చేస్తారు?

అమెరికాలో ఉన్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఈ రికార్డింగు పంపుతామని కొందరు అన్నారు, వాళ్ళ కోసం రెండు మాటలు. అక్కడ మన కంటే మీకు బలం ఎక్కువ. కాలిఫోర్నియాలో 2018 నుంచి, న్యూజెర్సీలో 2020 నుంచి పాత జీతం ఎంత అని అడగడమే నిషేధం. కాలిఫోర్నియాలో 2023 నుంచి, న్యూజెర్సీలో 2025 జూన్ నుంచి ఉద్యోగ ప్రకటనలోనే జీతం పరిధి వెయ్యాలి. ఆ పరిధిని చూస్తే లెవెల్ ఇట్టే తెలిసిపోతుంది. మనవాళ్ళు ఎక్కువగా ఉన్న టెక్సస్‌లో అలాంటి రాష్ట్ర చట్టం లేదు. డాలస్‌లో ఉన్నవాళ్ళు అదే సంస్థ న్యూజెర్సీ ప్రకటన చూసుకోండి, ఊరిని బట్టి కాస్త తగ్గించుకుని. ఇంకొకటి, హెచ్1బీ వీసా కోసం కంపెనీలు లేబర్ డిపార్ట్‌మెంటుకి పెట్టే ఎల్‌సీఏ దరఖాస్తుల్లో హోదా, ఊరు, జీతం ఉంటాయి. ఆ వివరాలు ప్రభుత్వమే బయటపెడుతుంది. మీరు వెళ్తున్న సంస్థ, అదే హోదాకి, అదే ఊళ్ళో ఎంత చూపించిందో వెతికి చూడండి. అందులో వేజ్ లెవెల్ ఒకటి నుంచి నాలుగు దాకా ఉంటుంది. అది లేబర్ డిపార్ట్‌మెంటు లెక్క, కంపెనీ లెవెల్‌తో కలపకండి.

నాకిచ్చిన టైము అయిపోవస్తోంది. ప్రశ్నలుంటే తీసుకుందాం.

ముందు వరుసలో ఆవిడ అడుగుతున్నారు: పిల్లల కోసం రెండేళ్ళు ఉద్యోగం మానేశాను, ఇప్పుడు లెవెల్ తగ్గించుకోవాలా అని.

మీ అంతట మీరు తగ్గించుకోకండమ్మా. అదొక్కటే చెప్తాను. విరామానికి ముందు మీరు ఏ స్థాయి పని చేశారో అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఆ రెండేళ్ళని అనుభవంలో కలపరు, కలపమని అడగనూ వద్దు. వాళ్ళకున్న భయం ఒక్కటే, మీ పరిజ్ఞానం పాతబడిందా అని. క్లౌడ్ అయితే ఈమధ్య చేసిన సర్టిఫికేషన్, ట్యాక్స్ అయితే కొత్త చట్టం మీద పట్టు, ఏదో ఒకటి చూపించండి. విరామం సంగతి వాళ్ళు అడిగేదాకా ఆగకుండా మీరే ఒక్క వాక్యంలో చెప్పేసి పని గురించి మాట్లాడండి. కొన్ని సంస్థల్లో విరామం తర్వాత వచ్చేవాళ్ళకి ప్రత్యేక ప్రోగ్రాములు ఉన్నాయి, మంచివే. కానీ వాటిలో లెవెల్ ఏంటో చేరకముందే అడగండి. ప్రోగ్రాము అయ్యాక చూద్దాం అంటే ఒప్పుకోకండి.

ఇంకొక్కటి. ఆ చివర నీలం చొక్కా బాబు. ఇంటర్వ్యూలన్నీ అయిపోయాయి, ఆఫర్ లెటర్ నిన్న వచ్చింది, లెవెల్ తక్కువ, ఇప్పుడేం చెయ్యాలి అంటున్నాడు.

కష్టం బాబూ, కానీ ఒక్క అవకాశం ఉంది. హెచ్‌ఆర్‌తో వాదించకు, ఆవిడ చేతిలో లేదు. నిన్ను ఇంటర్వ్యూ చేసిన వాళ్ళలో అందరికంటే పెద్దాయన ఎవరో, ఆయనతో పదిహేను నిమిషాలు మాట్లాడించమని ఆవిణ్ణే అడుగు. అక్కడ ‘నాకు పన్నెండేళ్ళు ఉన్నాయి సార్’ అని మొదలుపెట్టకు. ఇంటర్వ్యూలో రాని కొత్త సంగతి ఒకటి ఉండాలి. నువ్వు గెలిపించిన ప్రపోజలో, నువ్వు సర్దిన క్లయింటు గొడవో. అది చెప్పి, ‘మేనేజర్ లెవెల్‌కి ఇంకో రౌండ్ పెట్టండి, నేను సిద్ధం’ అను. ఒప్పుకుంటే సరే. ఒప్పుకోకపోతే ఆ లెవెల్‌తోనే చేరతావా లేదా అన్నది ఆ కాల్‌కి ముందే తేల్చుకుని ఉండు. కాల్‌లో తేల్చుకోకు. ఇంకొకటి, ఈ వ్యవహారం తేలేదాకా పాత కంపెనీలో రాజీనామా పేపర్లు పెట్టకు. పెట్టేశావా? నిన్న సాయంత్రమేనా? సరే, అయితే రేపు పొద్దున్నే ఫోన్ చెయ్యి. నువ్వు నోటీసులో ఉన్నావని వాళ్ళకి ఇంకా తెలియదు కదా, తెలిసేలోపు ఆ పదిహేను నిమిషాలు అడిగెయ్యి.